పని నాది, పేరు మాత్రం కృతజ్ఞతల్లో. ఇప్పుడేం చేయాలి?

జీబ్రా_చేప
బెంగళూరులోనే ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేశాను. గ్రాంట్ అయిపోయింది, దాంతో ఉద్యోగమూ అయిపోయింది. ఇప్పుడు వేరేచోట ఉన్నాను. మొన్న ఫ్రెండ్ లింకు పంపింది. పాత ల్యాబ్ పేపరు బయోఆర్కైవ్ అనే సైటులో ప్రీప్రింట్‌గా, అంటే జర్నల్‌లో రాకముందే, వచ్చింది. ఆథర్లు ఏడుగురు, అందులో నేను లేను. చివరిదాకా దిగితే కృతజ్ఞతల పేరాలో "చేపల సంరక్షణలో సాయపడినందుకు" అని నా పేరుంది.

జీబ్రాఫిష్‌తో పనిచేసినవాళ్ళకు తెలుస్తుంది. పొద్దున లైటు వెలిగాక గుడ్లు పెడతాయి. గుడ్డు రెండు కణాలుగా చీలేలోపు సూదితో ఇంజెక్ట్ చేయాలి, ముప్పావుగంటకు మించి టైముండదు. ఆ పేపర్లో మూడో ఫిగర్ మొత్తం నేను ఇంజెక్ట్ చేసిన పిండాలే, నేను కాన్‌ఫోకల్ మైక్రోస్కోపుతో తీసిన ఫోటోలే. ఏ డోసులో పిండాలు చచ్చిపోతున్నాయి, ఏ డోసులో తోక వంకరపోతోంది అని తేల్చి, కంట్రోల్ మార్చాలని చెప్పిందీ నేనే. ల్యాబ్ మీటింగులో ఆ స్లైడ్లు పెట్టిందీ నేనే.

అడగొచ్చా? పీహెచ్‌డీకి అప్లై చేస్తున్నాను, ఆ సార్ రికమెండేషన్ లెటర్ కావాలి. అడిగితే లెటర్ పోతుందని భయం. అడక్కపోతే పేరెలాగూ పోయింది.

ఓరుగల్లు_పోరడు
అడుగు అక్కా. ఊకుంటే రేపు ఇంకొకరికి గిదే జేస్తరు. ఇంకా జర్నల్‌ల రాలే కదా? ప్రీప్రింట్ అయితే కొత్త వర్షన్ ఎక్కించొచ్చు, పేరు చేర్చుడు పెద్ద పనేం కాదు.

మత్తికెరె_మామ
అమ్మా, నేను ఇక్కడే ఒక ప్రభుత్వ సంస్థలో పనిచేసి రిటైరయ్యాను. మెయిలు పెట్టకు. వెళ్ళి కలువు. కాగితం మీద పెట్టేసరికి మనిషి గట్టిపడిపోతాడు. ఎదురుగా కూర్చుని "సార్, మూడో ఫిగర్ నేను చేసిందే కదా" అంటే కాదనడం కష్టం.

పల్నాడు_పోస్ట్‌డాక్
నేను కాస్త చేదుగానే చెప్తాను. ఫోటోలు తీసినంత మాత్రాన ఆథర్ కారు. వైద్య జర్నళ్ళ ఎడిటర్ల కమిటీ ఉంది, ఐసీఎంజేఈ అంటారు, 1978లో వాంకూవర్‌లో మొదలైంది. వాళ్ళు నాలుగు షరతులు పెట్టారు. పనికి రూపం ఇవ్వడంలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో గట్టి భాగం ఉండాలి. పేపరు రాయడమో, లోతుగా దిద్దడమో చేయాలి. చివరి ప్రతిని ఆమోదించాలి. మొత్తం పనికి జవాబుదారీగా ఉంటానని ఒప్పుకోవాలి. నాలుగూ ఉండాలి, ఏదో ఒకటి చాలదు. జీబ్రా_చేప గారు పేపరు రాయలేదు, చివరి ప్రతి చూడలేదు. రూలు ప్రకారం కృతజ్ఞతలే.

లైబ్రరీ_లలిత
పల్నాడు గారూ, సగం రూలే చెప్పారు. డేటా సేకరణ మొదటి షరతులోనే ఉందని మీరే అన్నారు. దాని కిందే కమిటీ ఇంకో మాట రాసింది. మొదటి షరతుకు సరిపోయినవాళ్ళందరికీ రాయడానికి, దిద్దడానికి, ఆమోదించడానికి అవకాశం ఇవ్వాలి. ఆ అవకాశం ఇవ్వకుండా, "నువ్వు దిద్దలేదు కాబట్టి ఆథర్‌వి కాదు" అని తోసేయడానికి ఈ షరతులు వాడకూడదని స్పష్టంగా ఉంది. ఈమెకు డ్రాఫ్టు పంపనే లేదు. పంపనివాళ్ళది తప్పవుతుంది గానీ చూడనివాళ్ళది ఎలా అవుతుంది?

ఇంకోటి. డబ్బు తేవడం, ల్యాబ్‌కి పెద్దగా ఉండటం, ఊరికే పర్యవేక్షించడం, వీటితో ఎవరూ ఆథర్ కాలేరని కూడా అదే కమిటీ చెప్పింది. ఆ రూలు పైవాళ్ళ మీద వాడటం నేనైతే చూడలేదు. కింద ఉన్నవాళ్ళ మీదే పడుతుంది.

ఓరుగల్లు_పోరడు
మస్తు చెప్పినవ్ లలితక్కా 👏

పల్నాడు_పోస్ట్‌డాక్
అవకాశం ఇవ్వాలన్నది నిజమే, ఆ వాక్యం నేను వదిలేయకూడదు. కానీ నా బాధ వేరు. నేను పనిచేసిన చోట ప్రతి పేపర్లోనూ చివర ఇద్దరు ముగ్గురు వేళ్ళాడుతుంటారు, వాళ్ళు ఏం చేశారో ఫస్ట్ ఆథర్‌కే తెలీదు. ఆ గేటు గట్టిగా వేయమంటాను, అంతే.

డాక్టరమ్మ
మా మెడికల్ కాలేజీల సంగతి విన్నారంటే గేటు ఎక్కడుందో వెతుక్కుంటారు. ప్రమోషన్‌కి పేపర్లు కావాలి. 2015లో మెడికల్ కౌన్సిల్ ఒక సర్క్యులర్ ఇచ్చింది: మొదటి, రెండో ఆథర్‌కే లెక్క, మూడో పేరు నుంచి సున్నా. ఇక చూడండి. పీజీ పిల్ల థీసిస్ మీద ఏళ్ళు కూర్చుంటే, రెండో స్థానం కోసం డిపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్ళ మధ్య మాటలు పోయాయి. తర్వాత రూలు మార్చారు, మొదటి ముగ్గురిలో ఉండాలి లేదా కరెస్పాండింగ్ ఆథర్ (జర్నల్‌తో ఉత్తరాలు నడిపేవాళ్ళు) అయ్యుండాలి అన్నారు. దాంతో మూడో స్థానానికి కూడా క్యూ కట్టారు. నమూనా ఎంత ఉండాలో లెక్కగట్టి, పట్టికలన్నీ చేసిచ్చిన స్టాటిస్టిషియన్ పేరు నాలుగో చోటికి పోయింది. ఆయనకు ఆ పేపరు లెక్కలోకే రాదు.

అనంతపురం_లెక్చరర్
డాక్టరమ్మ గారు చెప్పింది చదివితే మా ఇంజినీరింగ్ కాలేజీ కండ్ల ముందర కనపడింది. నేను బెంగళూరు పొలిమేరలో ఒక ప్రైవేటు కాలేజీలో చెప్తాను. యూజీసీ 2018 రెగ్యులేషన్లో ఒక టేబుల్ ఉండాది, ఎవరూ సరిగా చదవరు. సైన్స్, ఇంజినీరింగ్ వాళ్ళకు పేపరుకు 8 మార్కులు. ఇద్దరు రాస్తే ఒక్కొక్కరికీ 70 శాతం. ఇద్దరికంటే ఎక్కువైతే మొదటి లేదా కరెస్పాండింగ్ ఆథర్‌కు 70 శాతం, తక్కిన ప్రతి ఒక్కరికీ 30 శాతం.

ఇప్పుడు లెక్క కట్టండి. ఒక్కడే రాస్తే 8. ఐదుగురు రాస్తే మొదటాయనకు 5.6, తక్కిన నలుగురికీ 2.4 చొప్పున 9.6. మొత్తం 15.2. ఎనిమిది మార్కుల పేపరు పేర్లు పెరిగేకొద్దీ పదిహేను మార్కులైపోయింది! మూడో పేరు వేసినాక నాలుగో పేరు వేసినా మొదటాయన 5.6 తగ్గేది లేదు. ఇంక ఎవరైనా ఎందుకు వద్దంటారు? నా పేపర్లో నీ పేరు, నీ పేపర్లో నా పేరు. మా స్టాఫ్ రూములో ఇది బాహాటంగానే జరుగుతాది. హెచ్‌ఓడీ పేరు అడగకుండానే పడుతుంది, మేనేజ్‌మెంటు ఇయర్లీ టార్గెట్ పెట్టింది కాబట్టి.

నేను ఒకసారి హెచ్‌ఓడీ పేరు లేకుండా పేపరు పంపినాను. ఏమీ అనలేదు. తర్వాతి సెమిస్టర్లో నాకు శనివారం ల్యాబులన్నీ పడినాయి.

కోడ్_కోనసీమ
శనివారం ల్యాబులు 😔 మా ఆఫీసులో దీన్నే అప్రైజల్ అంటాం.

లెమ్మా
వీటన్నిటికీ మా గణితంలో చాలా తేలికైన పద్ధతుంది. అక్షర క్రమం. ఎవరెంత చేశారని కొలవం. కొలవలేం కూడా. బోర్డు ముందు ఇద్దరు మాట్లాడుకుంటుంటే పుట్టిన ఆలోచనలో ఎవరి వంతు ఎంతని చెప్పడం? అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ 2004లోనే ఈ సంగతి ప్రకటనగా రాసి పెట్టింది. గైడ్ పేరు ముందా వెనకా అన్న గొడవే రాదు. గైడ్ ఆలోచన మాత్రమే ఇచ్చి, స్టూడెంటే నిరూపించాడనుకోండి, చాలామంది గైడ్లు తమ పేరు పెట్టుకోకుండా స్టూడెంట్ ఒక్కడినే వేసుకోమంటారు. మా గైడ్ అలాగే చేశారు.

గుంటూరు_గణాంకం
లెమ్మా గారూ, మీకు బాగానే ఉంటుంది, మీ మధ్య ఇద్దరు ముగ్గురే ఉంటారు. అక్షర క్రమం ఎకనామిక్స్‌లో ఏం చేసిందో చూడండి. 2006లో ఐనావ్, యారివ్ అని ఇద్దరు లెక్క తీశారు. అమెరికాలో పెద్ద ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్లలో ఇంటిపేరు అక్షరమాలలో ముందున్నవాళ్ళకే పర్మనెంట్ ఉద్యోగం దొరికే అవకాశం ఎక్కువ. అక్షర క్రమం పాటించని సైకాలజీలో ఆ తేడా కనపడలేదు. "ఫలానావాళ్ళు మరియు ఇతరులు" అని పిలిచేటప్పుడు మొదటి పేరే జనం నోట్లో నానుతుంది.

మనకు ఇంకో చిక్కు. తెలుగువాళ్ళకు ఏది ఇంటిపేరో డేటాబేస్‌కి ఎలా తెలుస్తుంది? సి.ఆర్.రావు గారినే తీసుకోండి. కల్యంపూడి రాధాకృష్ణారావు. కల్యంపూడి ఆయన ఇంటిపేరు. ప్రపంచం మొత్తం ఆయన్ని 'రావు' అనే 'ఆర్' అక్షరం కింద పెట్టింది. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చిన ఆ పేపరు నుంచే గణాంక శాస్త్రంలో క్రామర్-రావు, రావు-బ్లాక్‌వెల్ అనే సిద్ధాంతాల పేర్లు పుట్టాయి. కాబట్టి ఆయనకు నష్టమేమీ లేదు, 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ కూడా వచ్చింది. కానీ మామూలు రావులు, రెడ్లు, లక్ష్ములు ఏం కావాలి? సైటేషన్ లిస్టులో (ఎవరి పేపరును ఎవరు ప్రస్తావించారో చూపే జాబితా) "రావు, కె." అని కొడితే ఎన్ని వందలమందో.

లైబ్రరీ_లలిత
నా ఉద్యోగంలో సగం ఇదే. ఒకే మేడమ్‌కి స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్‌లో మూడు ప్రొఫైళ్ళు ఉంటాయి. పెళ్ళికి ముందు పుట్టింటి పేరుతో ఒకటి, పాస్‌పోర్టులో సర్‌నేమ్ తప్పనిసరన్నారని తండ్రి పేరు విడదీసి ఇంకొకటి, పొట్టి అక్షరాల క్రమం తిరగబడి మూడోది. ఆమె హెచ్-ఇండెక్స్, అంటే పేపర్లూ సైటేషన్లూ చూసి వేసే అంకె, మూడు ముక్కలై ఏ ముక్కా బాగా కనపడదు. ఓర్సిడ్ అని 16 అంకెల నంబరుంది, 2012 నుంచి ఇస్తున్నారు, ఉచితం. పేరు ఎన్ని రకాలుగా రాసినా నంబరు ఒకటే. ఇంకా తీసుకోనివాళ్ళు ఇవాళే తీసుకోండి.

కణభౌతికం
మీరంతా ఐదుగురు, ఏడుగురు అంటున్నారు. 2015లో హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద సెర్న్‌లోని రెండు పెద్ద ప్రయోగ బృందాలు అట్లాస్, సీఎంఎస్ కలిసి ఫిజికల్ రివ్యూ లెటర్స్ అనే జర్నల్‌లో వేసిన పేపరుకు 5,154 మంది ఆథర్లు. పేపరు 33 పేజీలు. అందులో పరిశోధన తొమ్మిది పేజీలు, తక్కిన 24 పేజీలూ పేర్లూ సంస్థలూ.

ఓరుగల్లు_పోరడు
అయిదు వేల మంది? మా ఊరి ఓటర్ల లిస్టు గిట్లనే ఉంటది 😂

పల్నాడు_పోస్ట్‌డాక్
ఇదే నేనన్నది. అందులో ఎంతమంది ఆ పేపరు చదివారో?

కణభౌతికం
ఇక్కడ నేను గట్టిగా కాదంటాను. ఆ డిటెక్టర్ కట్టింది ఒకరిద్దరు కాదు. ఒకరు సిలికాన్ సెన్సర్లు పరీక్షించారు, ఇంకొకరు ట్రిగ్గర్ సాఫ్ట్‌వేర్ రాశారు, వేరొకరు రాత్రి షిఫ్టులో కంట్రోల్ రూమ్‌లో కూర్చుని డేటా చూశారు. వీళ్ళలో ఎవరు లేకపోయినా ఆ తొమ్మిది పేజీలు లేవు. పైగా ఆ లిస్టులోకి ఊరికే రానివ్వరు. అట్లాస్‌లో కొత్తగా చేరినవాళ్ళు ప్రయోగానికి పనికొచ్చే పని ఒకటి దాదాపు ఏడాదిపాటు చేసి అర్హత సంపాదించాలి. ఆ తర్వాతే పేరు. ఎవరెంత చేశారన్నది లోపలి నోట్లలో ఉంటుంది, ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఆ నోట్లూ, ఉత్తరాలూ చూస్తారు.

జీబ్రా_చేప గారి పని మా ప్రయోగంలో జరిగుంటే ఆవిడ పేరు ఖాయంగా ఉండేది. చేత్తో చేసే పనికి మా దగ్గర ఉన్న మర్యాద జీవశాస్త్రంలో ఎందుకు లేదో నాకర్థం కాదు.

జీబ్రా_చేప
ఆ చివరి మాటకు థాంక్స్. "చేతిపనే కదా" అనే మాట నేను ల్యాబ్‌లో విన్నాను. ఇంజెక్షన్ లోతు ఎంత పోవాలో, చుక్క ఎంత ఉండాలో చెయ్యి ఒక్కటే నిర్ణయిస్తుందా? సూది మొన విరిగినప్పుడు ఏ కోణంలో విరిగిందో చూసి, ఈ బ్యాచ్ మొత్తం పారేయాలా వద్దా అని తేల్చడం ఆలోచన కాదా?

మత్తికెరె_మామ
ఆలోచనే తల్లీ. ఈ ఊళ్ళోనే సంస్థలు పెట్టిన మనిషి సంగతి చెప్తాను. 1928లో నేచర్‌లో కొత్తరకం కాంతి పరిక్షేపణ గురించి వచ్చిన నోట్ మీద ఇద్దరి పేర్లున్నాయి, రామన్, కె.ఎస్.కృష్ణన్. 1930లో నోబెల్ ఒక్కరికే వచ్చింది. ఆ ఆలోచన ఏళ్ళ తరబడి రామన్‌దే, ప్రయోగంలో కృష్ణన్ రాత్రింబవళ్ళు ఉన్నాడు. ఎవరికి ఎంత అన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. ఆ చర్చ నడవడానికైనా కారణం కాగితం మీద కృష్ణన్ పేరు ఉండటమే. కాగితం మీద లేనివాడి గురించి చర్చ కూడా రాదు.

మనవాడు ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని చూడండి. 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద ఫిస్క్‌తో కలిసి పేపరు వేశారు. ఇప్పటికీ బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో ఫిస్క్-సుబ్బారావ్ పద్ధతి అంటారు. రెండో పేరే అయినా ఉంది, నిలిచింది. తర్వాత లెడర్లే అనే మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతోనే 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల్లో లుకేమియా తాత్కాలికంగా తగ్గుతుందని చూపించాడు. ఆ పేపరు ఆథర్లలో సుబ్బారావు గారి పేరు లేదు. అందరికీ ఫార్బర్ తెలుసు. ఆయన పుట్టిన భీమవరం వాళ్ళకు కూడా సుబ్బారావు గారి గురించి చెప్పాల్సి వస్తోంది.

గుంటూరు_గణాంకం
మామ గారూ, ఒక చిన్న మాట. ఫార్బర్ పేపరు ఆసుపత్రిలో పిల్లలకు ఇచ్చిన చికిత్స గురించి. మందు తయారుచేసినవాళ్ళను ఆథర్లుగా వేయకపోవడం అప్పటి పద్ధతి, అది దొంగతనం కాదు. కావాలంటే జోసెలిన్ బెల్ సంగతి చెప్పండి. పల్సార్ అనే నక్షత్రం పంపే రేడియో సంకేతాన్ని 1967లో కాగితపు చార్టుల మీద మొదట పట్టుకుంది ఆమె, అప్పుడు రీసెర్చ్ స్టూడెంట్. 1968 నేచర్ పేపర్లో గైడ్ హ్యూయిష్ మొదటి పేరు, ఆమె రెండో పేరు. 1974 నోబెల్ హ్యూయిష్‌కీ, రైల్‌కీ.

మత్తికెరె_మామ
దొంగతనమని నేననలేదు నాయనా. పద్ధతే అలా ఉందంటే పద్ధతే మారాలి అంటున్నాను. మందు లేకుండా చికిత్స ఏది?

కోడ్_కోనసీమ
నేను బెళ్ళందూరులో సాఫ్ట్‌వేర్. ఒక ఫ్రెండ్ పీహెచ్‌డీకి ఇమేజ్ అనాలిసిస్ కోడ్ మొత్తం రాసిచ్చాను, సరదాగానే. నా పేరు వేస్తే బాగుండేది అని ఇప్పుడు అనిపిస్తోంది. దీనికేమైనా ఉందా?

లైబ్రరీ_లలిత
ఉంది. క్రెడిట్ అని ఒక వర్గీకరణ వచ్చింది. 14 పాత్రలు. ఆలోచన, పద్ధతి, సాఫ్ట్‌వేర్, ప్రయోగం, డేటా నిర్వహణ, విశ్లేషణ, బొమ్మలు, మొదటి డ్రాఫ్టు, దిద్దడం, డబ్బు తేవడం ఇలా. పేపరు చివర ఎవరు ఏ పాత్ర చేశారో రాస్తారు. 2022లో అమెరికాలో దీన్ని అధికారిక ప్రమాణంగా కూడా గుర్తించారు. చాలా జర్నళ్ళు ఇప్పుడు అడుగుతున్నాయి. మీ కోడ్‌కు కూడా చోటుంది. కోడ్ గిట్‌హబ్‌లో ఉంటే, జర్నల్ ఆఫ్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అని 2016 నుంచి నడుస్తోంది, అందులో విడిగా చిన్న పేపరుగా వేసుకోవచ్చు.

జీబ్రా_చేప గారూ, ఆ ప్రీప్రింట్ చివర ఇలాంటి పేరా ఉందా? మూడో ఫిగర్ ప్రయోగం ఎవరు చేశారని రాశారు?

జీబ్రా_చేప
ఇప్పుడే చూశాను. "ఇన్వెస్టిగేషన్" (ప్రయోగం) అని ఫస్ట్ ఆథర్ పొట్టి అక్షరాలూ, ఇంకో స్టూడెంట్ పొట్టి అక్షరాలూ ఉన్నాయి. ఆ స్టూడెంట్ నేను మానేశాక చేరింది.

ఓరుగల్లు_పోరడు
గిది పెద్ద మాట అక్కా. పేరు మర్చిపోవుడు వేరు, నీ పని ఇంకొకరి పేరు మీద రాసుడు వేరు.

పల్నాడు_పోస్ట్‌డాక్
ఇది చదివాక నేను పక్షం మార్చుకుంటున్నాను. అడగాల్సిందే.

ల్యాబ్_నడిపేవాడిని
చాలాసేపు చదువుతూ కూర్చున్నాను. నేనూ పీఐనే, అంటే ల్యాబ్ పెద్దనే, వేరే సంస్థలో. ఆ పీఐ ఎవరో నాకు తెలీదు, ఆయన్ని వెనకేసుకు రావట్లేదు. కానీ లోపల ఇది ఎలా జరుగుతుందో చెప్పాలి.

ప్రాజెక్ట్ అసిస్టెంట్లు ఏడాదికో, ఏడాదిన్నరకో మారిపోతారు. పేపరు బయటికి రావడానికి నాలుగైదేళ్ళు. మధ్యలో ఫిగర్లు మారతాయి, రివ్యూయర్ అడిగాడని సగం ప్రయోగాలు మళ్ళీ చేస్తారు. రాసేటప్పుడు ఫస్ట్ ఆథర్ తన కంప్యూటర్లో ఉన్న ఫోల్డర్ తెరుస్తాడు, అందులో ఫోటోలుంటాయి, తీసినవాళ్ళ పేరుండదు. దుర్మార్గం అక్కర్లేదు, అలసత్వం చాలు.

ఇంకో కారణం కూడా ఉంది, అది అంత అమాయకం కాదు. ఫస్ట్ ఆథర్ స్టూడెంట్ ఉద్యోగాల మార్కెట్లో ఉంటాడు. "ఈక్వల్ కాంట్రిబ్యూషన్" (సమానంగా పనిచేశారని చెప్పే) నక్షత్రం ఎవరికైనా పెట్టాల్సి వస్తుందేమో అని భయపడతాడు. కమిటీలు పేపరు చదవవు, పేరు ఎన్నోదో చూస్తాయి. నేను సెలెక్షన్ కమిటీల్లో కూర్చున్నాను. ఒక్కో ఫైలుకు పది నిమిషాలుంటే ఎవరైనా హెచ్-ఇండెక్స్ వైపే చూస్తారు.

మా ల్యాబ్‌లో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టాను. ప్రతి ప్రాజెక్టుకూ ఒక షీటు. ఏ ఫిగర్‌కు ఎవరు డేటా ఇచ్చారో ఆ వారమే రాయాలి. ఎవరైనా ల్యాబ్ వదిలి వెళ్ళేటప్పుడు ఆ షీటు మీద నేనూ వాళ్ళూ సంతకం చేస్తాం, సొంత మెయిల్ ఐడీ రాసుకుంటాం. పేపరు రాసేటప్పుడు ఆ షీటులో ఉన్న అందరికీ డ్రాఫ్టు పోవాల్సిందే.

అనంతపురం_లెక్చరర్
సార్, ఆ షీటు నమూనా ఇక్కడ పెడతారా? మా కాలేజీలో ఒప్పుకోరు, కానీ నా దగ్గర ప్రాజెక్టు చేసే పిల్లలకైనా వాడతాను.

డాక్టరమ్మ
హెచ్-ఇండెక్స్ సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, దాన్ని ఎవరైనా సరిగ్గా వివరించండి. మా డీన్ గారు ప్రతి మీటింగులో అంటుంటారు.

గుంటూరు_గణాంకం
2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. మీ పేపర్లలో పదింటికి కనీసం పదేసి సైటేషన్లు ఉండి, పదకొండింటికి పదకొండేసి లేకపోతే మీ హెచ్-ఇండెక్స్ 10. ఆయన మొదటి పేపర్లోనే భౌతిక శాస్త్రవేత్తల పట్టిక ఇచ్చాడు, ఎడ్వర్డ్ విటెన్ 110తో పైనున్నాడు. ఒక్క పేపరు బ్రహ్మాండంగా రాసి ఊరుకున్నవాడి హెచ్-ఇండెక్స్ 1. అసలు లోటు మన చర్చకు సంబంధించిందే: పేపరుకు ఒక్కరే ఆథరైనా ఐదు వేలమంది అయినా ఒకటే లెక్క. కణభౌతికం గారి గ్రూపులో ఒక కుర్రాడి అంకె, లెమ్మా గారి గైడ్ అంకె కంటే పెద్దగా ఉండటం వింత కాదు.

రంగం రంగానికి తేడా కూడా ఉంది. 1951లో ప్రొటీన్ కొలిచే పద్ధతి మీద లౌరీ రాసిన పేపరుకు 2014 నాటికి మూడు లక్షలకు పైగా సైటేషన్లు. ఆ పద్ధతి వాడిన ప్రతివాడూ దాన్ని చెప్పాలి కాబట్టి. గణితంలో గొప్ప పేపరుకు వందలొస్తే పండగ.

లెమ్మా
నిజం. అందుకే పేపరుకు ఒక మార్కు, దాన్ని ఆథర్ల సంఖ్యతో భాగించాలి అంటాను. అనంతపురం గారి 15.2 రోగం ఆ దెబ్బతో పోతుంది.

ల్యాబ్_నడిపేవాడిని
పోతుంది గానీ ఇంకో రోగం వస్తుంది. భాగిస్తే ప్రతి కొత్త పేరూ తక్కినవాళ్ళ వాటా కోస్తుంది. అప్పుడు మొదట కోసేది ఎవరిని? పెద్దాయన్ని కాదు. జీబ్రా_చేప గారిలాంటి వాళ్ళనే. ఊరికే పంచితే అక్కర్లేనివాళ్ళు వచ్చి చేరతారు, లెక్కపెట్టి పంచితే కష్టపడ్డవాళ్ళు బయటికి పోతారు.

అనంతపురం_లెక్చరర్
కానీ సార్, ఊరికే పంచే లెక్కలోనే ఆమె పేరు తీసేసినారు కదా. ఇప్పుడు మీరు చెప్పిన కోతేమీ లేదు. అయినా తీసినారు. లెక్కను తప్పు పడితే చాలదు, ఎవరు లెక్కలోకి వచ్చే మనిషి, ఎవరు కాదు అని ముందే తేల్చుకుని కూర్చున్నారు.

మత్తికెరె_మామ
బాగా చెప్పావయ్యా.

లైబ్రరీ_లలిత
అంకె ఒక్కటే చూసి మనిషిని తూచొద్దని పరిశోధకులు ఎప్పట్నించో చెప్తున్నారు. 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో కూర్చుని డోరా ప్రకటన రాశారు, జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో (ఆ జర్నల్ పేపర్లకు సగటున ఎన్ని సైటేషన్లో చెప్పే అంకె) వ్యక్తిని కొలవొద్దన్నారు. 2015లో లైడెన్ మ్యానిఫెస్టో పది సూత్రాలు పెట్టింది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కు మూలపురుషుడైన గార్ఫీల్డ్ అసలు ఉద్దేశం తన సైటేషన్ సూచికలో ఏ జర్నళ్ళు చేర్చాలో తేల్చుకోవడం, ఆ తర్వాత లైబ్రరీవాళ్ళం ఏ జర్నల్ కొనాలో చూసుకోవడానికి వాడుకున్నాం. మా లైబ్రరీ పనిముట్టు తీసుకెళ్ళి ప్రమోషన్ కమిటీ టేబుల్ మీద పెట్టారు.

కోడ్_కోనసీమ
ఒక పక్క డౌటు. చాట్‌జీపీటీని ఆథర్‌గా వేస్తున్నారట, నిజమేనా?

గుంటూరు_గణాంకం
2023 మొదట్లో కొందరు వేశారు. వెంటనే నేచర్, సైన్స్ రెండూ కుదరదన్నాయి. కారణం పైన పల్నాడు గారు చెప్పిన నాలుగో షరతే. రేపు తప్పు తేలితే జవాబు చెప్పగలిగేవాడే ఆథర్. అంతకు ముందు పిల్లి కూడా ఆథరైంది లెండి. 1975లో హెథరింగ్టన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక్కడే రాసిన పేపర్లో అంతా "మేము" అని టైపు చేశాడు. ఒక్కడివే కదా, జర్నల్ ఒప్పుకోదు అన్నారు. మళ్ళీ టైపు చేయలేక తన పిల్లిని ఎఫ్.డి.సి.విల్లర్డ్ పేరుతో రెండో ఆథర్‌గా వేశాడు. ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లోనే వచ్చింది.

ఓరుగల్లు_పోరడు
పిల్లికి పేరొచ్చింది, చేపలక్కకు రాలే 😾

జీబ్రా_చేప
😂 సరే, మెయిలు డ్రాఫ్టు చేశాను. చూసి చెప్పండి.

"సార్, ప్రీప్రింట్ చూశాను, బయటికి వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది. మూడో ఫిగర్‌లోని ఇంజెక్షన్లు, కాన్‌ఫోకల్ చిత్రాలు నేను చేసినవి. నోట్‌బుక్ పేజీలు, మైక్రోస్కోపు ఒరిజినల్ ఫైళ్ళ తేదీలు జతచేస్తున్నాను. జర్నల్‌కు పంపేలోపు ఆథర్ల జాబితాలో నా పేరు చేర్చే విషయం పరిశీలించమని కోరుతున్నాను. డ్రాఫ్టు చదివి వ్యాఖ్యలు పంపడానికి, పనికి బాధ్యత తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. నా పట్ల అన్యాయం జరిగిందని భావిస్తున్నాను."

ల్యాబ్_నడిపేవాడిని
చివరి వాక్యం తీసేయండి. అది నిజమే, అయినా తీసేయండి. దాని ముందు వాక్యం చాలా మంచిది, ఐసీఎంజేఈ మిగిలిన షరతులు అందులోనే వచ్చేశాయి. ఇన్వెస్టిగేషన్ కింద పేర్లు సరిచేయమని కూడా ఒక వాక్యం కలపండి. ఫస్ట్ ఆథర్‌కు కాపీ పెట్టండి, వెనకాల వెళ్ళినట్టు ఉండకూడదు.

మత్తికెరె_మామ
మెయిలు పంపాక ఫోన్ కూడా చెయ్యి. నేను కలవమన్నాను గానీ, నోటిమాట తర్వాత నిలబడదన్నదీ నిజమే.

లైబ్రరీ_లలిత
ఒప్పుకోకపోతే జర్నల్‌కు పరిగెత్తకండి. ఎడిటర్లు ఆథర్ల తగాదా తీర్చరు, సంస్థనే తేల్చమంటారు. మీ పాత సంస్థలో ఎథిక్స్ కమిటీయో డీనో ఉంటారు, వాళ్ళకు రాయాలి. ఒప్పుకుంటే మాత్రం త్వరపడండి. జర్నల్‌కు చేరాక పేరు చేర్చాలంటే ఆథర్లందరూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, అచ్చయ్యాక అయితే సవరణ నోటీసు వేయాలి.

జీబ్రా_చేప
అప్‌డేట్. సార్ ఫోన్ చేశారు. నోట్‌బుక్ పేజీలు చూశానన్నారు. కోప్పడలేదు, క్షమాపణా చెప్పలేదు. ఫస్ట్ ఆథర్ ఒప్పుకున్నాడట, నాలుగో పేరుగా చేరుస్తామన్నారు. మిగతావాళ్ళలో ఒకరి దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు. డ్రాఫ్టు నాకు వచ్చింది. రెండో పేజీలోనే ఇంజెక్షన్ డోసు యూనిట్ తప్పుగా పడింది, మార్క్ చేసి పంపాను.

పల్నాడు_పోస్ట్‌డాక్
యూనిట్ తప్పు పట్టారా! అదీ లెక్క. మిగిలిన ఆ ఒక్కరికీ మీరే నేరుగా రాయండి, సార్ మీద వదిలేయకండి.

జీబ్రా_చేప
రాస్తాను. లలిత గారూ, ఓర్సిడ్ తీసుకుంటున్నాను. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్‌గా ఉంది, సర్టిఫికెట్లలో పొట్టి అక్షరమే. పేపర్లో ఏది వేయమనాలి?

లైబ్రరీ_లలిత
ఇంటిపేరు పూర్తిగా రాయించండి, చివర పెట్టించండి. సర్టిఫికెట్‌లో ఉన్న రూపాన్ని ఓర్సిడ్‌లో "ఇతర పేర్లు" అనే చోట చేర్చండి. ఇకమీదట ప్రతి పేపర్లోనూ అదే పద్ధతి, ఒక్క చుక్క కూడా మారకుండా. ఫస్ట్ ఆథర్‌కు ఇవాళే పంపండి, లేకపోతే ఆయన తనకు తోచినట్టు టైపు చేస్తాడు.